అమ్మకమా, దానమా?

"మిగులు భూమి" అన్న మాటకు మా తండ్రుల తరంలో ఒకే అర్థం ఉండేది. భూస్వామి చేతిలో చట్టం విధించిన పరిమితిని మించి ఉన్న భూమి మిగులు భూమి. 1973లో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ భూములకు గరిష్ఠ పరిమితి విధిస్తూ చట్టం వచ్చినప్పుడు ఆ మాట చుట్టూ ఎన్ని సభలు, ఎన్ని ఊరేగింపులు, ఎన్ని వ్యాజ్యాలు, ఎన్ని బినామీ పట్టాలు! ఉన్నవాడి దగ్గర మిగిలింది లేనివాడికి చెందాలనేది ఆ మాటలో ఇమిడివున్న నీతి. అదే మాట ఈనాడు నగరపాలక సంస్థల కాగితాల్లోనూ, పట్టణాభివృద్ధి సంస్థల ప్రకటనల్లోనూ కనిపిస్తున్నది. అర్థం మాత్రం తిరగబడింది. ఇప్పుడు మిగులు అనిపించుకుంటున్నది ప్రజలందరిదీ అయిన భూమి; దాన్ని అందుకుంటున్నది ఉన్నవాడు.

నేను ఇక్కడ విచారించదలచుకున్న ప్రశ్న చిన్నది. నగరానికి ఉమ్మడి ఆస్తిగా ఉన్న భూమిని బహిరంగ వేలం లేకుండా, గదిలో కూచుని, పిలిచినవాడికి, అనుకున్న ధరకు అమ్మటం అన్యాయమా? అన్యాయమే అని వెంటనే అనేస్తాం. కాని అభ్యుదయవాదులమని చెప్పుకునే మనకు ఆ జవాబు అంత తేలిగ్గా రాకూడదు. వేలమంటే ఏమిటి? డబ్బున్నవాడిదే పైచెయ్యి అని ఒప్పుకోవటమే గదా. మార్కెట్టును నమ్మనివాళ్లం, ఊరి భూమి దగ్గరికి వచ్చేసరికి మార్కెట్టు తీర్పే న్యాయమని ఎట్లా అంటాం?

ఈ చిక్కు నన్ను కొంతకాలంగా వేధిస్తున్నది. అందుకు సొంత కారణం ఒకటి ఉన్నది. దాన్ని దాచిపెట్టి నీతులు చెప్పటం బాగుండదు గనక ముందే చెబుతాను. 2019లో మా అధ్యాపకుల సంఘం ఒకటి, ఇళ్ల స్థలాలకోసం సర్కారు భూమిని రాయితీ ధరకు కేటాయించమని కోరుతూ దరఖాస్తు పెట్టింది. దానిమీద నేనూ సంతకం చేశాను. ధరావత్తు కింద కొంత సొమ్ము కూడా కట్టాను. ఆనాడు నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

వేలాన్ని నేను మొదట చూసింది మా ఊళ్లో. చెరువు చేపలకూ, కట్ట మీది చింతచెట్ల కాపుకూ, దేవుడి మాన్యం కౌలుకూ ఏటా పాట జరిగేది. వేలానికి పాట అని పేరు పెట్టుకోవటంలో తెలుగువాడి తెలివి ఉన్నది. పాట అన్నాక పదిమందికీ వినిపించాలి. ముందురోజు డప్పుతో చాటింపు. మర్నాడు రచ్చబండ దగ్గర జనం. "ఒకటోసారి, రెండోసారి" అని పంచాయతీ గుమాస్తా కేకలు. ఆ పాటలో న్యాయం నాలుగు పాదాలా నడుస్తున్నదని భ్రమపడేటంత అమాయకులు మా ఊళ్లో ఎవరూ లేరు. ముందురాత్రే నలుగురు పెద్దరైతులు కూడబలుక్కునేవారు: ఈ ఏడు చేపలు నీకు, చింతకాపు నాకు. పాట మూడు కేకల్లో ముగిసేది. ధరావత్తు కట్టే తాహతు లేని బెస్తవాళ్లు దూరంగా నిలబడి చూసేవాళ్లు. ఆ తరవాత చెరువులో దిగి చేపలు పట్టేది మళ్లీ వాళ్లే, కూలికి.

అయినా ఒక సంగతి ఉన్నది. చెరువు ఎవరికి పోయిందో, ఎంతకు పోయిందో, ఎంతకు పోవలసిందో ఆ సాయంత్రానికల్లా ఊరంతటికీ తెలిసేది. తెలిసేది గనక తిట్టుకునేవాళ్లు. తిట్టుకుని తిట్టుకుని ఒక ఏడాది బెస్తవాళ్లంతా తలా కొంత వేసుకుని ధరావత్తు కట్టి పాటలోకి దిగారు. పెద్దరైతులకు ఆ ఏడు నాలుగింతలు పాడవలసివచ్చింది. చెరువు బెస్తవాళ్లకు దక్కలేదు, ఆ మాట నిజమే. పంచాయతీకి మాత్రం డబ్బు దక్కింది. బడికి రెండు గదులు వేశారు. నేను ఏడో తరగతి చదివింది అందులో ఒక గదిలోనే.

కుమ్మక్కయిన పాట కూడా ఒక సాక్ష్యం మిగులుస్తుంది. గదిలో జరిగిన బేరం మిగిల్చేది ఒక ఫైలు.

ఈ ప్రశ్నను మన దేశంలో లోతుగా విచారించినవారిలో ఒకరు తెలుగువాడు. 1987లో సుప్రీంకోర్టు ముందుకు కలకత్తానుంచి ఒక వ్యాజ్యం వచ్చింది. అలీపూర్ జంతుప్రదర్శనశాలకు చెందిన నాలుగెకరాల భూమిని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం వేలం లేకుండా తాజ్ హోటళ్ల సంస్థకు కౌలుకిచ్చింది. చలికాలంలో అక్కడికి వలసవచ్చే పక్షులకు ఎత్తయిన మేడ అడ్డవుతుందనీ, వేలం వెయ్యకుండా ఇవ్వటం అక్రమమనీ కొందరు పౌరులు కోర్టుకెక్కారు. ఇచ్చింది వామపక్ష ప్రభుత్వం. తీర్పు రాసింది న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి. సమానమైన పనికి సమాన వేతనం అన్న సూత్రానికి 1982లో సుప్రీంకోర్టు తీర్పు ద్వారా బలం చేకూర్చింది ఈయనే. ఇంతటి మనిషి ఈ వ్యాజ్యంలో ప్రభుత్వాన్నే సమర్థించాడు. కమ్యూనిస్టు మంత్రులు, సామ్యవాద న్యాయమూర్తి, ఐదు నక్షత్రాల హోటలు! చరిత్రకు హాస్యప్రియత్వం లేదని ఎవరంటారు?

కాని సమర్థించటానికి ముందు ఆయన పెట్టిన గీటురాళ్లు గట్టివి. ప్రభుత్వ ఆస్తి పాలకుల ఇష్టాయిష్టాలకు వదిలినది కాదు. ప్రజాప్రయోజనమే అన్నిటికన్న ముందు. అమ్మవలసివస్తే బహిరంగ వేలంగాని టెండర్లుగాని మామూలు పద్ధతి. ఆ పద్ధతినుంచి తప్పుకోవచ్చు. కాని తప్పుకోవటానికి బలమైన కారణం, హేతువుకు నిలిచే కారణం ఉండాలి. న్యాయం జరిగితే చాలదు, జరిగినట్టు పదిమందికీ కనపడాలి. బంధుప్రీతి వాసనకూడా తగలకూడదు. స్థూలంగా ఇదీ ఆయన చెప్పింది. కలకత్తా బేరం బాహాటంగా, కారణాలు కాగితంమీద పెట్టి జరిగిందని ఆయన నమ్మాడు. ఈ సూత్రానికి నేను తలవంచుతాను. ఆ హోటలుకు మాత్రం వంచలేను. పిల్లలూ పక్షులూ వచ్చేచోట ధనికుల విడిది ప్రజాప్రయోజనం ఎట్లా అయిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అంతకు ముందు ఏడాదే, 1986లో, ఆంధ్రప్రదేశ్‌నుంచి వచ్చిన మరో వ్యాజ్యంలో ధర్మసంస్థ భూమిని చాటుబేరాన అమ్మటాన్ని ఆ కోర్టే తప్పుపట్టింది. దేవుడి భూమికి ఒక ధర్మకర్త ఉన్నట్టే ఊరి భూమికీ ఉన్నాడు. ధర్మకర్త సొంతదారు కాడు. తనది కానిదానిమీద ఉదారంగా ఉండే హక్కు అతనికి లేదు.

చిన్నపరెడ్డి తెరిచింది ఒక కిటికీ. తరవాతివాళ్లు దాన్ని సింహద్వారం చేసుకున్నారు. భోపాల్‌లో ఒక రాజకీయ నాయకుని స్మారక ట్రస్టుకు ప్రకటనలేమీ లేకుండా 20 ఎకరాలు కట్టబెట్టటం, 2011లో సుప్రీంకోర్టు దాన్ని రద్దుచెయ్యటం తెలిసినవే. 2012 ఫిబ్రవరిలో 122 టెలిఫోను లైసెన్సులను రద్దుచేస్తూ వేలమే ఉత్తమమన్న ఆ కోర్టు, అదే సంవత్సరం సెప్టెంబరులో అయిదుగురు న్యాయమూర్తుల నోట, వేలం ఒక్కటే మార్గమని రాజ్యాంగం చెప్పటం లేదని వివరణ ఇచ్చింది. చట్టం ఇట్లా రెండు గట్లమధ్య నడుస్తూనే ఉంటుంది. దాన్ని న్యాయవాదులకు వదిలేద్దాం.

చాటుబేరంలో పోయేది ఎంత? జరగని పాటలో పలకని ధర ఎవరికీ తెలియదు గనక దీనికి లెక్క దొరకదు. జరిగిన పాట ఒకదాన్ని చూసి ఊహించుకోవాలి. 2023 ఆగస్టులో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ కోకాపేటలో 45.33 ఎకరాలు వేలం వేసింది. అధికారులు పెట్టిన కనీస ధర ఎకరానికి 35 కోట్లు. పాటలో అతి తక్కువగా పలికింది 67.25 కోట్లు, అతి హెచ్చుగా పలికింది 100.75 కోట్లు. మొత్తం 3,319.60 కోట్లు వచ్చింది. కనీస ధరకే అమ్మివుంటే వచ్చేది దాదాపు 1,587 కోట్లు. కనీస ధర అనేది పాట ఎత్తుకోవటానికి పెట్టిన అంకె మాత్రమే అని అధికారులు అంటారు, నిజమే. కాని గదిలో అమ్మేవాడు ముందు పెట్టుకునేవి ఇట్లాంటి అంకెలే. ఇక ఆ హెచ్చుపాటను గజాల్లోకి మార్చి చూశాను: గజం రెండు లక్షల ఎనిమిది వేలు. నా నాలుగు నెలల జీతం.

ఇదే నగరంలో 2005లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక విధానం ప్రకటించింది. పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు, అఖిల భారత సర్వీసుల అధికారులు, న్యాయమూర్తులు, పత్రికా రచయితలు - వీరి గృహనిర్మాణ సహకార సంఘాలకు నగరంలోని ప్రభుత్వ భూమిని మార్కెట్టు ధరకు కాక మూలధరకు కేటాయించవచ్చునన్నది. 2008లో కేటాయింపు ఉత్తర్వులు వెలువడినై. 2010లో హైకోర్టు వాటిని కొట్టేసింది. 2024 నవంబరు 25న సుప్రీంకోర్టుకూడా, వీళ్లు రాయితీ అవసరమైన బలహీనులు కారనీ, పదవిలో ఉన్నవాళ్లూ స్తోమత ఉన్నవాళ్లూ తమకు తామే ఒక ప్రత్యేక తరగతి అయి ప్రజల భూమిని చౌకగా పంచుకోవటం సమానత్వ సూత్రానికి విరుద్ధమనీ తీర్పు చెప్పింది. కట్టిన సొమ్ము వడ్డీతో తిరిగి ఇచ్చెయ్యమన్నది.

ఆ జాబితాను మరొకసారి చదవండి. చట్టం చేసేవాడు, అమలు జరిపేవాడు, తీర్పు చెప్పేవాడు, ఆ ముగ్గురినిగురించీ రాసేవాడు - నలుగురూ ఒకే పంక్తిలో కూచున్నారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూచున్నా ఫరవాలేదని సామెత. ఇక్కడ వడ్డించేవాడుకూడా విస్తరి ముందు కూచున్నాడు. పత్రికా రచయితల్లో చాలామంది చిన్న జీతగాళ్లు. అప్పుచేసి డబ్బు కట్టి ఏళ్లతరబడి ఎదురుచూసినవాళ్లు. వాళ్లమీద నాకు కోపం లేదు. నాకు బాధ కలిగించేది మరొకటి. మా ఊళ్లో పాటకు డప్పు కొట్టేవాడు పాట పాడేవాడు కాదు. డప్పువాడికికూడా చెరువులో వాటా ఇచ్చేస్తే చాటింపు ఎవరు వేస్తారు?

మనం రచయితలం, ఉపాధ్యాయులం ఈ ప్రశ్ననుంచి తప్పించుకోలేం. తెలుగు సాహిత్యం భూదానంతోటే కళ్లు తెరిచింది. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకు నందంపూడి గ్రామాన్ని దానమిచ్చినప్పుడు ఆ శాసనం రచించింది నన్నయభట్టు. కృష్ణరాయలు పెద్దనకు కోకట మొదలైన అగ్రహారాలిచ్చాడు. (ఆ కోకటకూ ఈ కోకాపేటకూ సంబంధం లేదు, పాఠం చెబుతున్నప్పుడు మాత్రం మా విద్యార్థులు నవ్వుతారు.) అవి ఎవరి చెమట మీద జరిగిన దానాలో మనం ఎన్నోసార్లు రాసుకున్నాం, మళ్లీ రాయనక్కరలేదు. ఈసారి ఆ శాసనాలను చదువుతుంటే మరో సంగతి నా దృష్టికి వచ్చింది. తూర్పు చాళుక్యుల దానశాసనాల్లో ఒక ఆచారం ఉన్నది: రాజు ఆ సీమలోని కుటుంబీకులందరినీ పిలిపించి, ఇదిగో ఫలానావాడికి ఫలానా గ్రామం ఇస్తున్నాను, మీకందరికీ తెలియుగాక అని ఆజ్ఞాపిస్తాడు. పుచ్చుకునేవాడి వంశం, యోగ్యత చెబుతారు. ఎల్లలు చెబుతారు. చివర, ఆ దానాన్ని హరించినవాడికి శాపం చెబుతారు. యోగ్యత అంటే అక్కడ ఏమిటో, కుటుంబీకులకు కాదనే హక్కు ఎంత ఉండేదో మనకు తెలుసు. అయినా ఆ రాజు దానాన్ని దానమనే అన్నాడు.

మన కాలంలో దానాన్ని అమ్మకం అంటున్నారు. అసలు మోసం ఇక్కడ ఉన్నదని నా అభిప్రాయం. పది కోట్ల భూమిని ఒక కోటికి ఇస్తే అది కోటి రూపాయల అమ్మకం, తొమ్మిది కోట్ల దానం. ఆసుపత్రికి తొమ్మిది కోట్లు ఖర్చుపెట్టాలంటే బడ్జెట్టులో పద్దు ఉండాలి, శాసనసభలో ఓటు పడాలి, ఆడిటువాళ్లు వచ్చి లెక్క అడగాలి. భూమి రూపంలో ఇచ్చిన తొమ్మిది కోట్లకు పద్దు లేదు, ఓటు లేదు. అది ఖర్చులా కనిపించదు. ఖజానాకు కోటి రూపాయల రాబడిలా కనిపిస్తుంది! ఇట్లా చూస్తే 99 పైసల బేరమే కొంత నయమనిపిస్తుంది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం విశాఖపట్నంలో 21.16 ఎకరాలను టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కు 99 పైసలకు ఇవ్వటానికి ఆమోదించింది. 12,000 ఉద్యోగాలు వస్తాయని చెప్పారు. 99 పైసలు ధర కాదని పసిపిల్లవాడికైనా తెలుస్తుంది. ఇది దానమని కాగితమే ఒప్పుకుంటున్నది. ఉద్యోగాలకోసం దానం చెయ్యకూడదని నేననను. విశాఖపట్నం కుర్రవాళ్లు పనికోసం రైలెక్కటం నేనూ చూస్తున్నాను. కాని దానం చేసింది ఎంత? దానికి ప్రతిగా ఇవ్వవలసింది ఇవ్వకపోతే తిరిగి తీసుకునేది ఎట్లా? ఈ రెండు అంకెలూ 99 పైసల పక్కనే అంత పెద్ద అక్షరాల్లోనూ ఉండాలిగదా.

ఈ మాటలు మా కాలేజీలో ఒక సహాధ్యాపకుడితో అన్నాను. ఆయన నాకన్న పెద్దవాడు, నాకన్న ఎక్కువ చదివినవాడు, ఆ దరఖాస్తు ఉద్యమానికి ఆద్యుడు. "మాస్టారూ, మీరు చెప్పేది బాగానే ఉన్నది. వేలం వేస్తే ఆ భూమి ఎవరికి పోతుంది? బిల్డరుకు. బిల్డరు దానిమీద నలభై అంతస్తులు కట్టి అమ్ముతాడు, మనబోటివాడు పాతికేళ్ల అప్పు చేసి కొంటాడు. మీ నీతివల్ల లాభపడేది ఆ బిల్డరేగదండీ" అన్నాడు.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆయన అన్నదానిలో సగం నిజం. వేలం చెప్పేది ఎవరికి, ఎంతకు అన్న రెండు సంగతులే. అమ్మాలా వద్దా అన్నది వేలం చెప్పదు. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలను తెలంగాణ ప్రభుత్వం వేలానికే సిద్ధం చేసింది; చాటుబేరం కాదు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం పిల్లలు అడ్డం పడ్డారు. చెట్లు కూల్చటం మొదలైన తరవాత, ఏప్రిల్ 3న, సుప్రీంకోర్టు పనులన్నీ ఆపించింది. ఆ రాళ్లూ, చెట్లూ, నీటికుంటలూ మిగులు అని ఎవరు తేల్చారు? ఎవరికి మిగులు? హెచ్చుపాట ఎంత పలికినా ఈ ప్రశ్నకు జవాబు కాజాలదు. పైగా భూమి ఒక్కసారే అమ్ముడుపోతుంది. బడ్జెట్టు ఏటేటా వస్తుంది. లోటు పూడ్చుకోవటానికి భూమిని అమ్మే ప్రభుత్వం, పెళ్లిళ్లకు పొలం అమ్ముకుంటూ పోయిన మా తాతగారి అన్నలాంటిది. ఆయన ప్రతిసారీ మంచి ధరకే అమ్మాడు.

అయితే బిల్డరు లాభపడతాడు గనక ఆ లాభం మనమే పొందుదాం అన్నది జవాబెట్లా అవుతుంది? వేలం అన్యాయం చేసేది పాడలేనివాడికి. కాబట్టి వేలంనుంచి మినహాయింపు ఎవరికైనా దక్కాలంటే దక్కవలసింది పాడలేనివాడికే. 2014 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 58వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది: సర్కారు భూమిలో గుడిసె వేసుకుని ఉన్న పేదలకు 125 గజాలదాకా ఉచితంగా క్రమబద్ధం చెయ్యాలని. దానికి వేలం వెయ్యలేదేమని ఏ బుద్ధిమంతుడూ అడగడు. ఆ కారణాన్ని రచ్చబండ దగ్గర డప్పు కొట్టి చెప్పవచ్చు: వీళ్లకు గూడు లేదు, ఇస్తున్నాం. "మేం కవిత్వం బోధిస్తాం, అందుకని ఇవ్వండి" అన్నదాన్ని అట్లా డప్పుకొట్టి చెప్పగలమా? మా సహాధ్యాపకుడు చెప్పగలమన్నాడు. సమాజానికి మన సేవ ఉన్నదన్నాడు.

సేవ మాట వచ్చింది గనక చెబుతున్నాను. మా కాలేజీలో ఒక ఆయా ఉన్నది. నేను చేరేనాటికే ఆమె ఆ వసారాలు ఊడుస్తున్నది. మా దరఖాస్తు సంగతి స్టాఫురూములో చర్చకు వచ్చినన్నాళ్లూ మాకు టీ తెచ్చిపెట్టింది ఆమే. ఒకరోజు గ్లాసులు తీస్తూ, "సార్, మీ సంఘంలో మాలాంటోళ్లు చేరటానికి వీలవుతుందా?" అని అడిగింది. నిష్ఠూరమేమీ లేదు ఆ గొంతులో. రైలు ఎన్ని గంటలకని అడిగినట్టు అడిగింది. "ఇది అధ్యాపకుల సంఘం, అమ్మా" అన్నాను. "అట్లనా సార్" అని గ్లాసులు తీసుకుని వెళ్లిపోయింది. అప్పుడు నా మనసుకు ఏమీ తట్టలేదు. 2024 నవంబరులో తీర్పు పత్రికలో చదువుతున్నప్పుడు ఆ ప్రశ్న గుర్తుకొచ్చింది. మా నియమావళి తీసి చూశాను. సభ్యత్వానికి అర్హత అన్నచోట ఉద్యోగ హోదా, జీతపు శ్రేణి, సర్వీసు ఎన్నేళ్లు అని ఉన్నవి. ఇల్లు ఉన్నదా లేదా అన్న గడి లేదు.

మర్నాడు నా పేరు తీసివెయ్యమని సంఘం కార్యదర్శికి ఉత్తరం రాశాను. ఆయన ఫోను చేసి, ఆ తీర్పులోని జాబితాలో అధ్యాపకులు లేరనీ, మనకది వర్తించదనీ, తొందరపడవద్దనీ నచ్చజెప్పాడు. నేను వినకపోయేసరికి, ధరావత్తు తిరిగి ఇవ్వటం సర్వసభ్య సమావేశంలో తీర్మానం కావాలన్నాడు. ఆ సమావేశం ఇంకా జరగలేదు.